నడుమ సీటు కింద చార్జ్

"ఇంకోసారి అడుగుతున్నాను నాయనా. బస్సులో చార్జ్ పెట్టింది నువ్వేనా?"

"ఔ సారూ. నేనే పెట్టిన."

"ఎక్కడ పెట్టావు?"

"నడుమ సీటు కింద."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవలన్నా పెట్టమనుడేంది సారూ? అందరు గాడనే పెడ్తరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కటకటాల అవతల కూర్చున్న ఉంగ అనే కుర్రాడి మీద కాదు, నా చేతిలో ఉన్న కాయితం మీద. ఇంచుమించు ఇవే మాటలు హిందీలో రాసి, కింద అతని వేలిముద్ర వేయించారు. నేరం ఒప్పుకున్నాడట! రోడ్డు కింద పాతి పేల్చేదాన్ని ఈ ప్రాంతం పోలీసులు చార్జ్ అంటారు. ఫోనుకి కరెంటు ఎక్కించడాన్ని ఊళ్ళోవాళ్ళంతా చార్జ్ అంటారు. అడిగినోడు ఒకటి అడిగాడు, చెప్పినోడు ఇంకొకటి చెప్పాడు. మధ్యలో వేలిముద్ర పడిపోయింది.

నిన్న పొద్దున్న జగర్గుండాలో బయల్దేరిన బస్సు మధ్యాహ్నం పన్నెండుకి గీదం చేరింది. జనం దిగిపోయారు. వెనక సీట్లో జ్వరంతో పడుకున్న హడ్మా అనే ముసలాయన ఒక్కడే ఉండిపోయాడు. అరగంటలో బస్సు కాలిపోయింది, ముసలాయన చనిపోయాడు. "బాంబు" అన్నారు పోలీసులు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఉంగని జగదల్పూర్ కోర్టుకి పట్టుకెళ్తారు. వాళ్ళు రాసిన సెక్షన్లు పడ్డాయంటే ఇక ఎన్నేళ్ళు లోపలుంటాడో చెప్పలేం.

నేను పోలీసుని కాను. జాన్‌బాబు నా పేరు. కిరండూల్ రైలు లైన్లో పాసింజర్ పెట్టెల లైట్లు, ఫ్యాన్లు, సాకెట్లు చూస్తూ ముప్పై రెండేళ్ళు గడిపేశాను. రిటైరయ్యాక, ఏ బండైనా తగలబడితే ఎందుకు తగలబడిందో చూసి రమ్మని బీమా వాళ్ళు పంపుతుంటారు. ఉంగతో మాటాడ్డానికి పది నిమిషాలే ఇచ్చారు. అందులో నాలుగు అప్పుడే అయిపోయాయి.

"ఎవరి ఫోను?" అన్నాను.

"హిడ్మేది. నా భార్య. కాన్పుకని దవాఖానకొచ్చింది, ఫోను ఇంట్ల మర్శింది. మా ఊళ్ళె కరెంటు లేదు గద. సల్లబడ్డ ఫోనిస్తె ఏం జేసుకుంటది? అందుకే కండక్టర్ బిజ్జా చేతికిచ్చిన, బస్సుల చార్జ్ పెట్టమని. ఆమె చేతికందే యాళ్ళకు నిండాలెనని."

"వాయిస్ మెసేజీ ఎవరికి పెట్టావు?"

"గంగే వదినెకు. హిడ్మే అక్క. పొద్దుగాల గుట్టెక్కి పెట్టిన, సిగ్నల్ గాడనే వస్తది."

ఆ మెసేజీని పోలీసులు కాపీ చేసుకుని నాకూ వినిపించారు. 'వదినా, బస్సుల చార్జ్ పెట్టిన. నడుమ సీటు కింద. పన్నెండున్నర కల్లా ఫుల్లయితది. ఎవల్ని ముట్టనియ్యకు.' ఆ ముక్కలో ఫోను అన్న మాటే లేదు. ఫోను గురించి కాకపోతే మరింక దేని గురించని అతని ధీమా!

"రాత్రయితె వదినె వాళ్ళింటికి పోతది సారూ. హిడ్మే ఒక్కతే పండుకోవాలె. ఫోనుంటె నేను గుట్టెక్కి మాట్లాడ్త అనుకున్న." అంటూ కటకటాలు పట్టుకున్నాడు. "బస్సు కాలిందంటె ఫోను అడుగుదామని నేనే వచ్చిన. నన్నెందుకు కూసోవెట్టిన్రు? ఫోనుకు టికెట్ చార్జీ కట్టలేదనా? బిజ్జా ఫోనుకు చార్జీ తీస్కోడు సారూ."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తన మీద ఏం నేరం మోపారో కూడా ఈ పిల్లాడికి ఎవడూ వాడి భాషలో చెప్పలేదు. నేను చెప్పాను. విన్నాడు.

"హిడ్మేకు జెప్పిన్రా?" అన్నాడు.

పది నిమిషాలూ అయిపోయాయి.

* * *

గంగే ఠాణా గేటు పక్కన సంచీ పట్టుకుని నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. నన్ను చూడగానే మళ్ళీ మొదలెట్టింది.

"నేనే జేసిన సారూ ఇదంత. ఫోను కాలిపోయిందని అడగబోయిన. ఏ ఫోను, ఎవలు పంపిన్రు, సాక్ష్యమేంది అన్నరు. ఇగో మా మరిది మాట అని నేనే ఇనిపించిన. నా చేతులతోని నేనే పట్టిచ్చిన."

"ఊరుకో అమ్మా. నువ్వు నిజమే వినిపించావు. బస్సు వచ్చాక హిడ్మే ఫోనుకి నువ్వేవైనా చేశావా?"

"చేసిన. బిజ్జా ఎత్తుతడేమోనని."

"ఎన్నింటికి?"

ఆమెకి తెలీదు. తన ఫోను నా చేతిలో పెట్టింది. చార్జ్ నాలుగు శాతం ఉంది. గబగబా చూశాను. పన్నెండూ ఇరవై నాలుగుకి మొదటి కాల్, పన్నెండూ ఇరవై ఏడుకి రెండోది.

"మొదటిసారి మోగిందా?"

"మోగింది. ఎవలు ఎత్తలె. రెండోసారి స్విచాఫ్ అన్నది."

పేలుడు చప్పుడు పన్నెండూ ముప్పై ఒకటికి వినిపించిందని ఠాణా కాయితంలోనే రాసుంది. చార్జింగులో ఉన్న ఫోను, చప్పుడుకి నాలుగు నిమిషాల ముందే ఎలా చచ్చింది?

"ఈ ఫోను నాకియ్యమ్మా, ఇది సాక్ష్యం."

"ఇప్పుడియ్య సారూ. రెండు గంటల బండికి ఊరికి పోవాలె. ఉంగ అవ్వను తోల్కరావాలె, హిడ్మే బట్టలు తేవాలె. రేపు పొద్దుగాల వచ్చి ఇస్త." తన నంబరు చెప్పి, సంచీ భుజానికేసుకుంది. పోబోతూ ఆగి, "సారూ, బస్సుల చార్జ్ పెట్టొచ్చునా? భయమైతాంది. ఎవలూ పెట్టుకోవద్దంటాన్రు" అంది.

"పెట్టుకోమ్మా. సరిగ్గా పెట్టిన సాకెట్టు ఎవర్నీ ఏమీ చెయ్యదు. ముప్పై రెండేళ్ళు చూశాను నేను."

ఆ మాట నేనే అన్నాను. ఆమె ధైర్యంగా తలూపి వెళ్ళిపోయింది.

టైము చూసుకుందామని నా ఫోను తీశాను. ఒంటిగంటా పది. బ్యాటరీ వంద శాతం. నా ఫోను ఎప్పుడూ వందే ఉంటాది, మాటాడేవాళ్ళు లేకపోతే ఏటి తగ్గుద్ది? రోజుకొక్కసారి మోగుద్ది, మధ్యాహ్నం రెండుంబావుకి. నా బావమరిది నూకరాజు. నా భార్య చిన్నమ్మి నన్ను, అంటే ఒక కిరస్తానీవాణ్ణి, చేసుకుందని వాళ్ళింట్లో అందరూ మాటలు మానేశారు. వీడొక్కడే మిగిలాడు. మూడేళ్ళ క్రితం చిన్నమ్మి పోయినప్పుడు కూడా ఆవిడ తరపు నించి వచ్చినవాడు వీడే. అప్పట్నించి ఏ రోజూ తప్పకుండా ఒకటే ప్రశ్న, "తిన్నావా బావా?" ఆ ప్రశ్న కోసమే నేను ఫోను చార్జ్ పెడతానని వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

* * *

కాలిన బస్సుని ఊరి బయట ఖాళీ జాగాలో పడేసి చుట్టూ తాడు కట్టారు. కండక్టర్ బిజ్జాని రమ్మన్నాను. నలభై ఏళ్ళ మనిషి. కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది.

"ఎన్ని ఫోన్లున్నాయి నిన్న?"

"పద్నాలుగు సారూ. ఊరికో రంగు దారం కడ్త. ఉంగోళ్ళ ఊరికి పసుపు. పొద్దుగాల తెస్త, మాపటికి ఇస్త."

"టికెట్టు కొన్నవాళ్ళు ఊరుకుంటారా? సాకెట్టు ప్రయాణికుల కోసం కదా?"

"ఎందుకూరుకుంటరు? రోజూ లొల్లే. సీటుకు పైసలు కట్టింది నేను, పాయింటు ఊళ్ళె కూసున్నోనికా అంటరు. నేనేమంట? మీరు ఇంటికి పోయి పెట్టుకుంటరు, ఆళ్ళకు ఈ బండే కరెంటు అంట." అతను కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. "ఇగ రేపటి సంది ఏ బండిల పెట్టనియ్యరంట గద?"

"సాకెట్టు ఎవరు బిగించారు?"

"నేను ఈ బండికి రాకముందే ఉండె."

"పొగ ముందా, చప్పుడు ముందా?"

"పొగ. నేను హోటల్ల అన్నం ముందర కూసున్న. నడుమ సీటు కాడ నల్లటి పొగ కనిపిచ్చింది. ఉరికిన. హడ్మా తాతను జబ్బ పట్టి గుంజుకొచ్చిన. కింద పండవెట్టి మొఖం మీద నీళ్ళు గొట్టిన. అప్పటికే లెవ్వడు. అటెన్క లేసింది సారూ సప్పుడు, ధడ్ మని."

బాంబు పేలితే చప్పుడు ముందుండాలి. ఇక్కడ చెయ్యి కాలింది, మనిషిని బయటికి లాగడం అయింది, మొహాన నీళ్ళు కొట్టడం కూడా అయింది, అప్పుడు చప్పుడు. ముసలాయన ఒంటి మీద చిన్న గాయం కూడా లేదని, పొగకే పోయాడని డాక్టర్ రాశాడు.

బస్సు లోపలికి ఎక్కాను. కాలిన రెక్సిన్ కంపు ఇంకా పోలేదు. నడుమ సీటు స్ప్రింగులు మాత్రం మిగిలాయి. వాటి కింద రేకు మీది మసిని చేత్తో తుడిచాను. రేకు వేడికి అలలు తేలింది గానీ ఎక్కడా చిల్లు లేదు, చినగలేదు. కింద చార్జ్ పేలితే ఆ రేకు ఉండదు. దిగి, ముందరి టైరు దగ్గరికి వెళ్ళి చూశాను. రబ్బరు లోపల్నించి విచ్చుకుని ఉంది. ధడ్ మన్నది అదే.

మళ్ళీ బస్సెక్కి సీటు కిందికి వంగాను. బ్యాటరీ నించి వచ్చిన రెండు లావు తీగలు ఒక పోత ఇనప పలక దగ్గర ఆగిపోయాయి. వాటి చివర్లు కరిగి గుండ్రటి రాగి పూసల్లాగ అయ్యాయి. పలక మీది మర వదులైతే అక్కడ నిప్పురవ్వలు లేచి రాగి అలా కరుగుద్ది, మంటకి ఊరికే కాలిన తీగ అలా అవదు. ఫ్యూజు ఉండాల్సిన చోట మెలితిప్పిన రాగి తీగ ముక్క ఉంది. ఎవడో దరిద్రుడు ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాన్ని పెట్టేశాడు. ఫ్యూజే ఉంటే ముసలాయన ఇవాళ ఇంట్లో గంజి తాగుతుండేవాడు.

"సర్వేయర్ సాబ్, బయటికి రండి!"

ఇన్‌స్పెక్టర్ ఉపేంద్ర. ఈ కేసు కోసం పై నించి పంపిన మనిషి. ముప్పై అయిదేళ్ళు, ఇస్త్రీ నలగని బట్టలు, గొంతు ఎప్పుడూ పెంచడు. నాకు ఆ గొంతే చిరాకు. ఇద్దరం హిందీలోనే దెబ్బలాడుకున్నాం.

"నా సాక్ష్యాన్ని ముట్టుకోడానికి మీకెవరు పర్మిషన్ ఇచ్చారు?"

"మీ సాక్ష్యం ఏటో చూపించండి, ముట్టుకోకుండా చూస్తాను. చిల్లు ఏది? మేకులు, ఇనప ముక్కలు ఏవి? ముసలాయన ఒంటి మీద దెబ్బ ఏది?"

"ఒప్పుకోలు ఉంది."

"ఫోను చార్జ్ పెట్టానని ఒప్పుకున్నాడు! మీ రైటరు హిందీలోకి మార్చేటప్పుడు ఏ చార్జ్ అని ఒక్క మాట అడిగాడా?"

"చప్పుడు వంద మంది విన్నారు."

"పన్నెండూ ముప్పై ఒకటికి విన్నారు. ఫోను పన్నెండూ ఇరవై ఏడుకే చచ్చింది, గంగే ఫోన్లో ఉంది. అప్పటికే కాలుతోంది బండి. మీరు విన్నది టైరు."

ఆయన బస్సెక్కి రేకు మీదికి వంగి చూశాడు. వేలితో తట్టాడు. తర్వాత టైరు దగ్గరికి నడిచాడు. తిరిగొచ్చేసరికి మొహం మారింది గానీ మాట మారలేదు.

"రెండేళ్ళ క్రితం నా ముందు వెళ్ళిన జీపు గాల్లోకి లేచింది. అందులో నలుగురు ఉన్నారు. పొద్దున్న వాళ్ళతో కలిసి టీ తాగాను. చార్జ్ అంటే నాకు ఫోను గుర్తుకు రాదు సాబ్."

"అది మీ బాధ. దానికి ఆ పిల్లాడు ఎందుకు బలి కావాలి?"

నేను అరిచాను. ఆయన అరవలేదు. జేబులోంచి రుమాలు తీసి వేళ్ళకంటిన మసి తుడుచుకున్నాడు.

"సరే. సాకెట్టే అనుకుందాం. దాన్ని బిగించింది ఎవరు? బస్సు యజమాని కొనేటప్పటికే ఉందంటాడు, కండక్టర్ తను రాకముందు సంగతంటాడు. పేరు లేని సాకెట్టుని కోర్టుకి ఎలా తీసుకెళ్ళను? నా పైవాళ్ళకి ఒక మనిషి కావాలి. మీరు ఇంకో మనిషిని చూపించండి, ఉంగని వదిలేస్తాను. లేదంటే నాలుగింటికి జగదల్పూర్ వెళ్తాడు. బస్సుల్లో సాకెట్లన్నీ రేపట్నించి పీకించేస్తాను."

"సాకెట్టు ఏం పాపం చేసింది? పనికిరానిది తెచ్చి బిగించినోడిది కదా తప్పు!"

"అదే అడుగుతున్నాను, ఎవరు?"

కోపంగా వెనక్కి తిరిగి, ఆ ఇనప పలకని స్ప్రింగుల మధ్య నించి ఊడలాగాను. అరచెయ్యంత ఉంది. బస్సులకి పెట్టే రకం కాదు, రైలు పెట్టెలో సాకెట్టు వెనకుండే పలక. తిప్పి బొటనవేలితో మసి తుడిచాను.

ఆకురాయితో గీసిన మూడు గీతలున్నాయి. మధ్యది పొట్టిది.

సీటు చట్రం పట్టుకుని నిలబడ్డాను.

పనికిరాని పలక మీద ఎర్ర రంగు కొట్టడం అందరూ చేసే పనే. రంగు తుడిచేసి మళ్ళీ అమ్ముకుంటారని నేను వెనకాల ఆకురాయితో మూడు గీతలు గీసేవాణ్ణి. మధ్యది పొట్టిగా గీసేది ఈ లైను మొత్తం మీద నేనొక్కణ్ణే. గీశాక సుత్తితో పగలగొట్టాలి. ముప్పై రెండేళ్ళలో రెండే రెండు పగలగొట్టకుండా వదిలాను. చిన్నమ్మి మంచంలో ఉంది అప్పుడు. నూకరాజు వారానికోసారి గీదం నించి చేపలు తెచ్చి వండిపెట్టేవాడు. "ఆ రెండూ ఇచ్చీ బావా, మా వసారాలో బల్బుకి పెట్టుకుంటాను" అన్నాడు. మరలు వదులురా, బల్బుకి తప్ప దేనికీ వాడకు అని ఇచ్చేశాను. వాడికి గీదంలో బండ్ల వైరింగు దుకాణం ఉందన్న సంగతి నాకు తెలీదేటి? తెలుసు. తెలిసే ఇచ్చాను.

ఉపేంద్ర బయట నిలబడి ఎవరికో ఫోను చేస్తున్నాడు. పలక నా అరచేతిలో ఉంది, జేబు పక్కనే ఉంది. వెనకవైపు ఆయన చూడలేదు, చూసినా ఆ గీతలు ఆయనకి అర్థం కావు. ప్రపంచంలో వాటిని చదవగలిగింది నేనూ నూకరాజూ. ఇది జేబులో వేసుకుంటే రేపు రెండుంబావుకి నా ఫోను మోగుద్ది. వేసుకోకపోతే మరింకెవరూ చెయ్యరు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, జేబు దాకా పోయింది నా చెయ్యి.

అప్పుడు ఫోను మోగింది. రెండుంబావు.

నూకరాజు అని వెలుగుతోంది తెర మీద. మూడుసార్లు మోగనిచ్చాను. హిడ్మే ఫోను కూడా నిన్న ఇలాగే మోగుంటాది, ఎత్తేవాళ్ళు లేక. గుట్టెక్కి మాటాడతానన్నాడు ఉంగ. నాకు గుట్ట ఎక్కక్కర్లేకుండానే రోజూ ఒక మాట దొరికింది, మూడేళ్ళు. బస్సు దిగి పలకని ఉపేంద్ర చేతిలో పెట్టి, ఫోను ఎత్తి స్పీకర్లో పెట్టాను.

"తిన్నావా బావా?"

"నూకరాజూ, నిన్న కాలిన బస్సులో సాకెట్టు నువ్వే బిగించావా?"

వాడి దుకాణంలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"నా పలక నా చేతికొచ్చిందిరా. మూడు గీతలూ ఉన్నాయి. దాపరికం వద్దు."

"బావా..." అన్నాడు వాడు. "ఫ్యూజు ఊరికే పోతోందని గోల పెట్టారు బావా. తీగ పెట్టాను. ఇలగవుద్దనుకున్నానేటి? రాత్రి నించి నిద్దర్లేదు నాకు. నువ్విచ్చినవే కదా అవి."

"అవున్రా, నేనిచ్చినవే. రెండోది ఏది?"

మళ్ళీ ఫ్యాను చప్పుడే వినబడింది.

"రెండోది ఏ బండిలో ఉందిరా?"

"దానికీ తీగే పెట్టాను బావా. రెండుగంటల జగర్గుండా బండికి. ఇందాకే మా దుకాణం ముందు నించి పోయింది. ఆపుదామని లేచాను, ధైర్యం చాల్లేదు."

ఉపేంద్రకి సాకెట్టు, బస్సు అన్న మాటలు తప్ప ఏమీ అర్థం కాలేదు. ప్రతి ముక్కా హిందీలో చెప్పాను, నేనిచ్చానన్న ముక్కతో సహా. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, వైర్‌లెస్ సెట్ అందుకున్నాడు. "ఉంగని జగదల్పూర్ పంపకండి. నేను చెప్పేదాకా కదిలించొద్దు" అని జీపు వైపు పరిగెత్తాడు. నేనూ వెనకే పరిగెత్తాను.

"ఆ బస్సులో ఎవరి నంబరైనా ఉందా?" జీపు కదులుతుండగా అడిగాడు.

ఉంది. గంగే నంబరుంది నా దగ్గర. నాలుగు శాతం చార్జుతో బస్సెక్కింది. ఎక్కుతూనే నడుమ సీటు కింద పెట్టేసుంటాది, ఏం కాదని నేను చెప్పాను కదా. ఆ ఫోను సాక్ష్యం సంగతి అటుంచి, ఆ మనిషి.

స్పీకర్లో నూకరాజు ఇంకా "బావా, బావా" అంటున్నాడు. వాడి ఫోను కట్ చేసి గంగేకి చేశాను.

మోగింది.

మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

స్విచాఫ్.